ఐదింటికి లేచి వెళ్ళే ఆవిడ

హాస్టల్, రెండో అంతస్తు
జూలై

వదినా,

ఫోనులో మాట్లాడదామంటే అమ్మ స్పీకర్ ఆన్ చేసేస్తుంది. ఇక అమ్మ, అన్నయ్య, మీ బుడ్డది, వీలైతే పక్కింటావిడ కూడా కలిసి "తిన్నావా" అని అడుగుతారు. అందరికీ తిన్నానని చెప్పేసరికి నీకు చెప్పాలనుకున్నది కాస్తా మర్చిపోతాను. అందుకే కాగితం పట్టుకున్నాను. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో. తప్పు పడ్డప్పుడల్లా వేలు చెరిపే మీట కోసం వెతుక్కుంటోంది.

గది చిన్నది. రెండు మంచాలు, రెండు బల్లలు, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. గదిలో ఉన్న అమ్మాయికి మొన్నే డిగ్రీ అయింది. నన్ను మొదటిరోజు నుంచే "అక్కా" అంటోంది. అంత గట్టిగా అనక్కర్లేదు. క్లాసులో పెద్దవాళ్ళ లెక్క తీస్తే నేను ముందు వరసలోనే ఉన్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఎంబీఏ చేస్తానంటే అన్నయ్య ఇల్లు పీకి పందిరేశాడు. "వెళ్ళనివ్వండి, ఇరవై తొమ్మిదేళ్ళకి ఎవరూ ముసలివాళ్ళైపోరు" అని నువ్వొక్కదానివే నా పక్కన నిలబడ్డావు. అక్కడితో ఆగావా, నేను పూర్తి చేయాల్సిన నోటీసు పీరియడ్ కూడా మన ఆఫీసు మేనేజర్‌తో మాట్లాడి తగ్గించి, నా పనంతా నీ నెత్తిన వేసుకున్నావు. ఇక్కడ నేను లైబ్రరీలో ఏసీ కింద కూర్చున్నప్పుడల్లా నువ్వు నా పని కూడా చేస్తూ ఉంటావని గుర్తొస్తుంది. పుస్తకం మూసేయాలనిపిస్తుంది. మూయననుకో.

ముసలమ్మ ఎలా ఉంది? ఎన్నో కంపెనీల జీతాలు లెక్కగట్టే ప్రోగ్రాంకి మనిద్దరం అలా పేరు పెట్టుకున్నామని చెబితే మా గదిలో అమ్మాయి పడీ పడీ నవ్వింది.

నీ పనికిమాలిన
ఆడపడుచు


ఇల్లు, వంటింటి బల్ల
జూలై

మరదలు మహారాణికి,

నీ ఉత్తరాన్ని మీ అన్నయ్య కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "నాకేమైనా రాసిందా" అన్నారు. "రాయలేదు" అన్నాను. "నేను మాత్రం అడిగానా" అని వెళ్ళిపోయారు. అలక ఇంకా దిగలేదు. నీ గది తలుపు మాత్రం రోజూ తెరిచి, కిటికీ మూసి ఉందో లేదో చూసి వస్తున్నారు. కాబట్టి బెంగ పెట్టుకోకు.

ముసలమ్మ ఎప్పటిలాగే ఉంది. ఈ నెల మధ్యలో చేరినవాళ్ళకి నెలంతా జీతం ఇవ్వబోయింది, కాన్పు సెలవులో ఉన్నవాళ్ళని ఉద్యోగం మానేసినవాళ్ళ కింద జమకట్టింది. నేను కూర్చుని ఒక్కొక్కరినీ చేత్తో సరిచేశాను. జీతాలు ఎవరికీ తేడా రాలేదు. పైవాళ్ళకి ముసలమ్మ బాగా పనిచేస్తోందనే తెలుసు. ముసలమ్మ వెనక నేను పనిచేస్తున్నానని వాళ్ళకి తెలియదు, మా మేనేజర్‌కి కూడా సగమే తెలుసు.

దాన్ని పూర్తిగా బాగుచేయడం రెండు వారాల పని. ఆ మాట నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ముసలమ్మకి నయమైపోతే నాతో ఎవరికి పని? ఇప్పుడైతే సాయంత్రం ఐదింటికి నేను సంచీ తగిలించుకుని లేస్తే ఎవరూ నోరెత్తరు. నెలాఖరున నేను కావాలి కదా. అత్తయ్యని మోకాలి వ్యాయామానికి తీసుకెళ్ళాలి, బడి అయ్యాక క్రెష్‌లో ఉండే బుడ్డదాన్ని తెచ్చుకోవాలి. బయటివాళ్ళు వింటే ఇది మోసంలాగే ఉంటుంది. నీకు ఇంటి సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది.

నీ పని నాకేం బరువు కాలేదు. ఆఫీసులో నువ్వు చేసింది ఏమంత ఎక్కువని. బుద్ధిగా చదువుకో.

వదిన


హాస్టల్
సెప్టెంబరు

వదినా,

ఇక్కడ నోరు తెరిచినందుకు మార్కులు. నిజంగానే. క్లాసులో ఎన్నిసార్లు మాట్లాడామో ఒకాయన కూర్చుని రాసుకుంటాడు. మాట్లాడినదాంట్లో సరుకుందా అన్నది తర్వాతి సంగతి. నాలుగేళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కోడు రాసుకున్నదాన్ని, నన్ను ఒక్కసారిగా వాగమంటే ఎలా? నేను వాక్యం కూడబలుక్కునేసరికి చర్చ ఇంకో ఊరు దాటిపోతుంది. ఇప్పటిదాకా నా మార్కులు అడక్కు.

మాకు గళ్ళచొక్కా మాస్టారు ఒకరున్నారు. ఆయన దగ్గర వేరే చొక్కా ఉన్న దాఖలా లేదు. వచ్చే నెల ప్రతి ఒక్కరూ తాము పనిచేసిన చోట చూసిన ఒక జబ్బు గురించి, దానికి మందు గురించి ప్రెజెంటేషన్ ఇవ్వాలన్నారు. బయటి నుంచి పెద్దవాళ్ళని పిలిచి వినిపిస్తారట. మిగతావాళ్ళంతా ఫ్యాక్టరీలంటారు, ఓడరేవులంటారు. నా దగ్గర ఏముంది?

అన్నయ్య చెప్పిందే నిజమేమో అని ఒక్కోసారి అనిపిస్తోంది. ఈ మాట ఆయనకి చెప్పకు.

ఆడపడుచు


ఆఫీసు క్యాంటీన్
సెప్టెంబరు

పిల్లా,

నీకు చెప్పడానికి ఏమీ లేకపోవడమేంటి? మన ఆఫీసులో జబ్బులకి కరువా? ఒకే సంగతి మీద మూడు మీటింగులు పెట్టుకోవడం చెప్పు. ఎవరి సెలవు ఎవరు మంజూరు చేయాలో తేలక మనిషి సెలవు నుంచి తిరిగొచ్చాక మంజూరవడం చెప్పు. లిఫ్టులో అద్దం పెట్టించడానికి కమిటీ వేసిన సంగతి చెప్పు. నువ్వు వంటింట్లో కూర్చుని మా మేనేజర్‌లా నడిచి చూపిస్తుంటే అత్తయ్య నవ్వలేక పొట్ట పట్టుకునేది కాదూ? అలాగే చెప్పు. నీకు తెలిసిందే చెప్పు, తడబడవు.

ఇక్కడ పని కాస్త ఎక్కువగానే ఉంది. నీ స్థానంలో ఇంకా ఎవరినీ తీసుకోలేదు. బెంగపడకు, ఊరికే రాశాను. రాయకుండా ఉండాల్సింది.

వదిన


హాస్టల్
అక్టోబరు

వదినా,

ప్రెజెంటేషన్ అయిపోయింది. బాగా జరిగింది. నిజం చెప్పాలంటే అందరికన్నా నాదే బాగుందన్నారు. వచ్చిన అతిథి ఒకాయన, మాటకి ముందొకసారి వెనకొకసారి వాచీ చూసుకునే మనిషి, నా దగ్గర మాత్రం వాచీ చూసుకోలేదు. తర్వాత పిలిచి చాలాసేపు మాట్లాడాడు. గళ్ళచొక్కా మాస్టారు భుజం తట్టారు. మా గదిలో అమ్మాయి స్వీటు కొనిపెట్టింది.

పాత ఆఫీసు సంగతే ఏదో చెప్పాను. నువ్వన్నట్టే, తెలిసిందే చెబితే తడబడలేదు.

ఆఫీసులో అంతా మామూలే కదా? కొత్తవాళ్ళెవరైనా వచ్చారా? ఊరికే అడిగాను.

ఆడపడుచు


ఆఫీసు క్యాంటీన్
నవంబరు

పిల్లా,

నీ కబురు విని ఇంట్లో పండగ చేసుకున్నాం. మీ అన్నయ్య "ఊఁ" అన్నారు. ఆ ఊఁలో ఎంత గొప్ప ఉందో నాకు తెలుసు. మర్నాడు ఆఫీసులో ఇద్దరికి ఫోను చేసి చెప్పారట.

ఇక్కడ కొత్తవాళ్ళు వచ్చారా అని అడిగావు. వచ్చారు. నిన్న పైనుంచి ఒక పెద్దాయన మా అంతస్తుకి దిగాడు. మేనేజర్ వెంట ఉన్నాడు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, చాలా మర్యాదగా, "అమ్మా, ముసలమ్మని ఒకసారి చూపిస్తారా" అన్నాడు. మేనేజర్‌కి ఆ పేరు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నెలాఖరున మీరు చేత్తో ఏమేం సరిచేస్తారో చూపించండి అన్నాడు. చూపించాను. బాగుచేయడానికి ఎంత టైము పడుతుందని అడిగాడు. రెండు వారాలన్నాను. తలాడించి, వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు.

నీ ప్రెజెంటేషన్ గురించి నువ్వు సరిగ్గా రాయనేలేదు. ఏం చెప్పావు? మొత్తం రాయి. చదవాలని ఉంది.

వదిన


హాస్టల్
నవంబరు

వదినా,

పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి, ఊపిరాడట్లేదు. క్యాంటీన్‌లో చారు రోజుకో రంగులో ఉంటోంది. రంగే మారుతోంది కానీ రుచి మాత్రం ఒకటే. మా గదిలో అమ్మాయికి ప్రేమ వ్యవహారం ఒకటి మొదలైంది, నేను పెద్దరికం చేయాల్సొస్తోంది. బుడ్డదానికి పళ్ళు ఊడుతున్నాయా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

ప్రెజెంటేషన్ గురించి ఏముంది చెప్పడానికి, నాలుగు స్లయిడ్లు, పది నిమిషాలు. ఎవరైనా చెప్పేదే.

పరీక్షలయ్యాక పెద్ద ఉత్తరం రాస్తాను.

ఆడపడుచు


ఇల్లు
డిసెంబరు

చి. సౌ. ఆడపడుచుకి,

అందరం క్షేమం. బుడ్డదానికి ముందు పన్ను ఊడింది. అత్తయ్య మోకాలు మునుపటికన్నా నయం.

ముసలమ్మని ఇద్దరు కుర్రవాళ్ళకి అప్పగించారు. వాళ్ళు బాగుచేశారు. పోయిన నెల జీతాలు ఎవరి చేయీ పడకుండా సరిగ్గా వెళ్ళాయి. ఈ నెలాఖరు దాకా నన్ను ఉండమన్నారు, ఆ తర్వాత అక్కర్లేదన్నారు. చెప్పడం మటుకు చాలా గౌరవంగా చెప్పారు.

మీ అన్నయ్య కోపంతో ఊగిపోతున్నారు. "ఎవడో కడుపుమంటతో పైవాళ్ళకి చాడీలు మోశాడు" అంటున్నారు. "అది అక్కడ పెద్దపెద్దవాళ్ళతో తిరుగుతోంది కదా, దానితో చెప్పిద్దాం, అదేమైనా చేయగలదేమో" అన్నారు. ఫోను చేస్తారేమో. చేస్తే ఎత్తు.

ఇట్లు
వదిన


హాస్టల్
డిసెంబరు

వదినా,

"ఇట్లు" అని రాశావు. నువ్వు నాకు ఎప్పుడూ అలా రాయలేదు. అది చూడగానే నీకు తెలుసని తెలిసిపోయింది. అసలు ఆయన నోట ముసలమ్మ పేరు విన్నరోజే నీకు తెలిసి ఉంటుంది. ఆఫీసులో ఆ పేరు మనిద్దరికే తెలుసు కదా.

నేనే చెప్పాను. ప్రెజెంటేషన్‌లో నేను చెప్పిన జబ్బు నువ్వే.

మీటింగుల సంగతి, లిఫ్టు అద్దం సంగతి మొదట సిద్ధం చేసుకున్నాను. గళ్ళచొక్కా మాస్టారు చూసి, ఇది హాస్యం, జబ్బు కాదు, ఇంకా లోతుకి వెళ్ళమన్నారు. అప్పుడు ముసలమ్మ గుర్తొచ్చింది. స్లయిడ్ మీద బొమ్మ వేశాను. ఒక పాత యంత్రం, దాని వెనక దాక్కుని చేత్తో తిప్పుతున్న ఒక ఆవిడ. కింద ఇలా రాశాను: "ఒక మనిషి తన అవసరం తీరిపోకుండా ఉండటానికి ఒక లోపాన్ని ఏళ్ళ తరబడి కాపాడుతోంది. సాయంత్రం ఐదింటికి నిశ్చింతగా లేచి వెళ్తోంది." క్లాసంతా నవ్వింది. వదినా, నేను కూడా నవ్వాను. నీ గురించి మొట్టమొదటిసారి అంతమంది ముందు మాట్లాడి, వాళ్ళతో కలిసి నవ్వాను.

పేరు చెప్పలేదు, కంపెనీ పేరు కూడా చెప్పలేదు, ఎవరికీ తెలియదులే అనుకున్నానని రాద్దామని కూర్చున్నాను. ఆ కాగితం చింపేశాను, ఎందుకంటే అది అబద్ధం. వాచీ ఆయన మన కంపెనీకి కొత్తగా వచ్చిన పెద్ద అని మాస్టారు రెండు రోజుల ముందే చెప్పారు. నేను నాలుగేళ్ళు ఎక్కడ పనిచేశానో ఆయన చేతిలో ఉన్న కాగితంలోనే ఉంది. ఇంకో సంగతి చెప్పుకోవడానికి నాకు రెండు రోజుల టైముంది. చెప్పుకోలేదు. మెచ్చుకుంటాడనుకున్నాను. మెచ్చుకున్నాడు. పక్కకి పిలిచి, ఆ ప్రోగ్రాంని మీరేమని పిలుస్తారని నవ్వుతూ అడిగితే, నవ్వుతూ చెప్పాను.

వేసవి సెలవుల్లో తమ దగ్గరే పని చేయమన్నాడు. కంపెనీలో ఇంకా ఎక్కడెక్కడ ఇలాంటి ముసలమ్మలున్నారో వెతికిపెట్టాలట. నేను ఇంకా సరేననలేదు. కాదని కూడా అనలేదు. ఈ వాక్యం రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

అన్నయ్య ఫోను చేశాడు. "నీకు తెలిసినవాళ్ళుంటే మీ వదిన గురించి ఒక్క మాట చెప్పమ్మా" అన్నాడు. నేను ఉద్యోగం మానేశాక అన్నయ్య నన్ను "అమ్మా" అనడం అదే మొదలు. చూస్తానన్నాను. పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆ ఆఫీసు కుర్చీలోంచి నన్ను ఇక్కడికి పంపడానికి నువ్వు నా పని మోశావు. నేను ఇక్కడికొచ్చి నీ కుర్చీ తీయించాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రావట్లేదు.

నేను


ఇల్లు, డాబా మెట్లు
జనవరి

పిల్లా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదివి బీరువాలో పెట్టాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. జవాబు మొదలుపెడితే తిట్లే వచ్చాయి. తిట్టడం నాకు బాగానే వచ్చు, నీకు తెలుసు. కానీ నీ స్లయిడ్‌లో రాసింది అబద్ధమైతే తనివితీరా తిట్టేదాన్ని. అది నిజం కాబట్టి మధ్యలోనే ఆగిపోతున్నాను. రెండు వారాల పనిని ఆరేళ్ళు చేయకుండా ఉంచింది నేనే. ప్రతి నెలా వచ్చే నెల చేద్దాంలే అనుకునేదాన్ని. ఆ కుర్రవాళ్ళు బాగుచేసి చూపిస్తుంటే మెచ్చుకోవాల్సింది పోయి, నాకు దొంగతనం బయటపడ్డట్టు చెమటలు పట్టాయి.

అయినా ఒక మాట అడుగుతాను. నీ బొమ్మలో ఐదింటికి లేచి వెళ్ళే ఆవిడ ఉంది. ఎక్కడికి వెళ్తుందో లేదు. మా ఇంట్లో నువ్వు నాలుగేళ్ళు తిన్నావు, పడుకున్నావు, నవ్వించావు. నేనెక్కడికి వెళ్తానో ఆ క్లాసులో తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. ఒక చిన్న వాక్యం, అదీ మీ అమ్మ మోకాలి గురించి. పట్టలేదా స్లయిడ్‌లో?

ఉద్యోగం పోయినందుకు కాదు నాకు ఎక్కువ బాధ. ఆయన ముసలమ్మ అన్న రోజు నుంచి నీ ఉత్తరం కోసం చూశాను. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని. నువ్వు క్యాంటీన్ చారు రంగు రాసి పంపావు. ఆ ఉత్తరం ఒక్కటీ నాకు ఇంకా మింగుడుపడట్లేదు. పడుతుందేమో, తెలియదు.

వాచీ ఆయన పిలుపు సంగతి నీ ఇష్టం. వెళ్ళాలంటే వెళ్ళు, మానాలంటే మాను. నా పేరు చెప్పి మాత్రం మానకు. అది కూడా నా నెత్తినే పడుతుంది.

మీ అన్నయ్యకి నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా. ఆయన ఇప్పటికీ ఆ మోసినవాడెవడో కనిపెట్టాలని చూస్తున్నారు. నిన్న మా మేనేజర్ అని తేల్చి, ఆయన్ని దారిలో చూసి పలకరించకుండా వచ్చేశారట. పాపం ఆ మనిషి ఏ పాపమూ ఎరుగడు.

ఇంకో ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. వచ్చే వారం ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని తప్పకుండా అడుగుతారు. ఉన్నదున్నట్టు చెబితే నన్ను తీసుకోరు, అబద్ధం చెబితే నా మొహంలో తెలిసిపోతుంది. నిజాన్ని నలుగురూ వినేలా చెప్పడం నీకు నేర్పుతున్నారు కదా అక్కడ. నా కోసం నాలుగు వాక్యాలు రాసి పంపు. వెటకారం కాదు, నిజంగానే కావాలి.

వదిన


హాస్టల్
జనవరి

వదినా,

కూర్చుని రాశాను. క్లాసులో మార్కులు తెచ్చిపెట్టే మాటలన్నీ కొట్టేస్తే మిగిలినవి ఇవి.

"ఆరేళ్ళపాటు నెల నెలా వేలమంది జీతాలు నా చేతి మీదుగా వెళ్ళాయి, ఒక్కరికి కూడా తేడా రాలేదు. ఆ ప్రోగ్రాంని శాశ్వతంగా బాగుచేయడం నాకు చేతనై కూడా చేయలేదు, అది నా తప్పు. సాయంత్రం ఐదింటికి మా అత్తగారికి, మా పాపకి నాతో పని ఉండేది, ఆ సంగతి నోరు తెరిచి అడిగితే ఒప్పుకోరని భయపడి, ఆ లోపం చాటున లేచి వెళ్ళేదాన్ని."

ఇవి మూడు. మూడో వాక్యాన్ని గొంతు తగ్గించకుండా, వాళ్ళ మొహంలోకి చూసి చెప్పు. విన్నాక కూడా తీసుకోకపోతే ఆ ఆఫీసు నీకొద్దు. వాచీ ఆయనకి ఇంకా ఏమీ రాయలేదు. నేను జవాబు చెప్పుకోవాల్సినవాళ్ళ వరసలో ఆయన ఆఖరివాడు.

నాలుగో వాక్యం, నీ ఉద్యోగం ఎవరి వల్ల పోయిందన్నది. అది ఎన్నిసార్లు రాసినా నీ నోటికి సరిపడలేదు. నువ్వు చెప్పాల్సింది కాదు కాబట్టే సరిపడలేదని తెల్లవారాక అర్థమైంది. మాస్టారి దగ్గర సెలవు తీసుకున్నాను. శనివారం పొద్దున బండి దిగుతాను. అన్నయ్యని ఆ పూట ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు, ఎందుకో మాత్రం చెప్పకు. నేను ఎదురుగా కూర్చుని చెప్తాను. నువ్వు ఆ గదిలో ఉండనక్కర్లేదు.

నీ ఆడపడుచు